కారప్పూస పాటి చేయని బారోమీటర్

నేను ఒక బారోమీటర్‌ని. గడియారాన్ని కాను. గుండ్రటి ఇత్తడి చట్రం, అద్దం, లోపల ముల్లు చూసి పదిమందిలో తొమ్మిదిమంది గడియారమనే అనుకుంటారు. కదలడం లేదని జాలిపడి వెళ్లిపోతారు. నేను చెప్పేది టైము కాదు, గాలి బరువు. ఈ ఊరి నెత్తిమీద గాలి ఎంత బరువుగా కూర్చుందో అంకెల్లో చూపిస్తాను. ఇంకో సంగతి కూడా దాచుకోకుండా చెప్పేస్తాను. నేను కుళ్లుమోతుదాన్ని. ఈ కథలో సగం నా కుళ్లే.

పుట్టింది అంబాలాలో, ఒక చిన్న కార్ఖానాలో. నా పొట్టలో పల్చటి రేకు డబ్బీ ఒకటుంది. అందులోంచి గాలంతా లాగేసి, అతికేసి, ముల్లుకు తగిలించారు. బయటి గాలి నొక్కితే డబ్బీ అణుగుతుంది, ముల్లు కదులుతుంది. నాకు వచ్చిన విద్య అంతే. మద్రాసులో ఒక కొట్టు బీరువాలో రెండేళ్లు దుమ్ము తిన్నాక చెంగల్రాయుడు సార్ నన్ను కొనుక్కున్నారు. ఆయన మదనపల్లెలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ఫిజిసిస్టు. రేడియేషన్ యంత్రం రోగి ఒంట్లోకి ఎంత మోతాదు పంపుతోందో కొలవడం ఆయన ఉద్యోగం.

బస్సులో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బస్సు ఘాట్ ఎక్కుతున్నకొద్దీ నా ముల్లు దిగుతూ వచ్చింది. ఆయన మురిసిపోయి పక్క సీటాయనకు చూపించారు. "చూడన్నా, పైకి పోయేకొద్దీ గాలి పల్చబడతా ఉండాది."

పక్క సీటాయన వంగి చూసి, "గడియారం ఎనక్కి పోతా ఉండాదే!" అన్నాడు. నా బతుకులో మొదటి అవమానం అదే.

అసలు కుళ్లు మాత్రం ఆసుపత్రిలో పట్టుకుంది. దాని పేరు ఛాంబర్. చిటికెన వేలంత ఉంటుంది. చెక్కపెట్టెలో, మెత్తటి స్పాంజి పరుపుమీద పడుకుంటుంది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి, రోగికి బదులు ఒక నీళ్ల తొట్టి పెట్టి, అందులో ఛాంబర్‌ని దింపి, దానిమీదికి యంత్రం కిరణాలు వదులుతారు. ఎంత మోతాదు పడిందో అది చెబుతుంది. తర్వాత దాన్ని తుడిచి, ఆరబెట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పడుకోబెడతారు. కొన్నేళ్లకోసారి పరీక్షకు బొంబాయి కూడా పోయి వస్తుంది. నాకేముంది? గోడ, మేకు. పండక్కి కూడా ఎవరూ గుడ్డపెట్టి తుడవరు. అది తిరిగొచ్చిన ప్రతిసారీ నా కడుపు రగిలిపోయేది.

పైగా ఆ మహారాణి పొట్టలో ఉన్నదీ గాలే! దాని ఒంటికి చిన్న బెజ్జం ఉంది. ఊళ్లో గాలి పల్చనైతే దాని పొట్టలోనూ పల్చనే. అప్పుడు అది మోతాదును తక్కువ చేసి చెబుతుంది. దాని మాటను నా అంకెతో సరిచేస్తేగాని నిజం బయటికి రాదు. చెంగల్రాయుడు సార్ ఈ సంగతి ఏనాడూ మరిచిపోలేదు. కొలిచే ముందు నా అద్దంమీద గోటితో రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టి, ముల్లు కుదురుకున్నాక చూసి, రిజిస్టరులో రాసేవారు. 935. ఒక్కోసారి 934, ఒక్కోసారి 936. ఆ రెండు దెబ్బల కోసమే నేను ఎదురుచూసేదాన్ని.

పన్నెండేళ్ల తర్వాత ఆయన రిటైరయ్యారు. బందరు నుంచి ప్రసూన మేడమ్ వచ్చింది. చురుకైన పిల్ల, పనిదొంగ కాదు. మొదటిరోజే నా ముందు నిలబడి ముల్లు చూసింది. 935. చేతిలో ఉన్న మొబైల్లో వాతావరణం పేజీ చూసింది. 1012.

బందరులో గోడమీది బారోమీటరూ మొబైలూ ఎప్పుడూ ఒకే మాట చెప్పేవి. సముద్రం పక్క ఊరు మరి. వాతావరణంవాళ్లు ఏ ఊరి గాలినైనా సముద్రమట్టానికి దించి లెక్క చెబుతారని, మొబైల్ చూపించేది ఆ లెక్కేనని ఆమెకు తట్టలేదు. ఎప్పుడూ తేడా రానిదాన్ని ఎవరు అనుమానిస్తారు?

"అయ్యో, ఇది పాడైపోయిందే!" అంది. అని, రిజిస్టరు తిరగేసింది. పన్నెండేళ్లూ అవే అంకెలు. "అంటే సార్ ఇన్నాళ్లూ దీన్ని చూసే రాశారా?" అని నొచ్చుకుంది. ఆయనకు ఫోన్ చేద్దామని నంబరు దాకా వెళ్లి ఆగిపోయింది. పెద్దాయన, రిటైరైనవాడు, తప్పు పట్టినట్టుంటుందని. ఆ మర్యాదే కొంప ముంచబోయింది.

శనివారం తొట్టిలో నీళ్లు నింపి, ఛాంబర్‌ని దింపి, మొబైల్ అంకె వేసి కొలిచింది. యంత్రం ఉండవలసినదానికన్నా ఏడెనిమిది శాతం తక్కువ ఇస్తోందని తేలింది. నమ్మలేక ఇంకో రెండుసార్లు కొలిచింది. మళ్లీ అదే. పాపం, మోతాదు చాలక ఎంతమందికి జబ్బు తిరగబెట్టిందోనని కళ్లు చెమర్చాయి. యంత్రాన్ని అంత మేరకూ పెంచింది. నిజానికి అది అంతకుముందే సరిగ్గా ఉంది.

నేనేం చేశానంటారా? సంబరపడ్డాను. మొబైల్‌మీద ఒళ్లు మండుతున్నా, ఛాంబర్ మాట తప్పుగా తేలుతుందని, దాని స్పాంజి పరుపు పరువు గంగలో కలుస్తుందని లోలోపల గంతులేశాను. ఆ పెంచిన మోతాదు పడబోయేది ఒక మనిషిమీదని నాకు తోచనే లేదు.

ఆ మనిషి సోమవారం వచ్చాడు. పేరు గంగులప్ప. టమాటా మార్కెట్లో ముప్ఫయ్యేళ్లుగా వేలంపాట పాడేవాడు. గొంతులో క్యాన్సర్. ఆ వారం మొదటి రోగి అతనే. మొదటి సిట్టింగు పదకొండింటికి. మాట గుసగుసలా వస్తోంది.

"నాకు గొంతు తిరిగొస్తాదా మేడమ్?" అని అడిగాడు. "మండీలో మైకు లేకుండా పాడేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లోవాళ్లకే ఇనపడ్డంలే."

"వస్తుందండీ. మొత్తం ముప్ఫై అయిదు సిట్టింగులు. మోతాదు తక్కువైతే జబ్బు మిగిలిపోతుంది. ఎక్కువైతే గొంతు వాచిపోయి మాట పోవచ్చు. అందుకే కొలిచి పెడతాం. మొన్ననే మూడుసార్లు కొలిచానండీ."

"మీరు కొలిచినారంటే ఇంక భయమేముండాది," అని అతను చేతులు జోడించాడు.

అప్పుడు చచ్చిపోయింది నా సంబరం. అతని గొంతు, ఆమె నమ్మకం, రెండూ నా కళ్లముందే మునగబోతున్నాయి. అరుద్దామంటే నోరు లేదు. 935 చూపిస్తూ గోడను పట్టుకుని వేలాడటం తప్ప నాకు ఏదీ చేతకాదు. గోడ గడియారం పదిన్నర చూపించింది. దాన్ని మాత్రం అందరూ చూస్తారు.

గంగులప్ప కళ్లు బల్లమీదికి పోయాయి. అక్కడ ప్రసూన వాళ్లమ్మ పంపిన కారప్పూస ప్యాకెట్ ఉంది. బందరులో సీలు వేయించినది. ఇప్పుడు ఉబ్బి, డోలులా బిగిసి ఉంది. అతను దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"ఇది దిగువ నుంచి తెచ్చినారా మేడమ్?"

"బందరు నుంచండీ. పాడైనట్టుంది, ఉబ్బిపోయింది. పారేద్దామని పక్కన పెట్టా."

"పాడు కాలేదు. వయసులో నేను టమాటా లారీమీద మద్రాసుకు పొయ్యేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు చిప్సు ప్యాకెట్లు ఏసుకొస్తాంటిమి. ఘాటు ఎక్కేతలికి అన్నీ ఇట్లే ఉబ్బేటివి. మా ఊరి గాలి పల్చన మేడమ్. అంతే."

ఆమె చేతిలోని పెన్ను ఆగిపోయింది. ప్యాకెట్‌ని చూసింది. తలెత్తి నన్ను చూసింది. మళ్లీ ప్యాకెట్‌ని చూసింది. వెంటనే చెంగల్రాయుడు సార్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఈ ఊళ్లో గాలి 935 ఉంటుందా?"

"ఇంకెంత ఉంటాది తల్లీ? రెండువేల మూడొందల అడుగుల ఎత్తులో ఉండాం కదా." ఆయన గొంతు ఫోన్లోంచి గదంతా వినిపించింది. "సెల్‌లో చూసినావా ఏంది? అది సముద్రం లెక్క. దాన్ని నమ్మొద్దు. గోడమీదిదాన్ని నమ్ము."

నా ముల్లుకు ప్రాణం లేచొచ్చింది.

ప్రసూన గంగులప్ప ఎదురుగా కూర్చుంది. తలుపు వేసుకుని దాచిపెట్టే రకం కాదు. "నేను తప్పు కొలిచానండీ. యంత్రాన్ని మళ్లీ సరిచేయాలి. మీకు సాయంత్రం దాకా ఆలస్యమవుతుంది. క్షమించండి," అంది. అతను ప్యాకెట్ కింద పెట్టి, "ఆలిస్యమే కదమ్మా. అయితే కానీ," అన్నాడు.

ఆమె నా దగ్గరికి వచ్చి అద్దంమీద గోటితో కొట్టింది. టక్‌టక్. ఎవరు నేర్పారో ఆమెకి! మళ్లీ తొట్టి, మళ్లీ ఛాంబర్, ఈసారి నా అంకె. నాలుగింటికి యంత్రం పాత మోతాదుకు వచ్చింది. నాలుగున్నరకు గంగులప్ప లోపలికి వెళ్లాడు.

ఇక్కడితో నేను మంచిదాన్నైపోయానని చెబితే మీరు నమ్మేస్తారు. కానీ ఆమె ఏం చేసిందో తెలుసా? ఆ కారప్పూస ప్యాకెట్‌ని విప్పకుండా తీసుకొచ్చి నా పక్కనే మేకు కొట్టి వేలాడదీసింది, గుర్తుండాలని. వచ్చినవాళ్లంతా ముందు దాన్నే చూస్తారు. దాని కథే అడుగుతారు. పన్నెండేళ్లు ఒకే నిజం పట్టుకుని వేలాడిన నేను ఒక పిండివంట పాటి చేయలేదు. ఛాంబర్‌మీది కుళ్లంతా దానిమీదికి మళ్లింది.

ఎనిమిది నెలలకు డిజిటల్ బారోమీటర్ ఒకటి కొన్నారు. నా చట్రానికి 'పనికిరానివి' అని చీటీ అంటించి, విరిగిన కుర్చీల పక్కన బల్లమీద పడుకోబెట్టారు. ఆ రోజే గంగులప్ప చెకప్‌కి వచ్చాడు. చంకలో టమాటా బుట్ట.

"దీన్ని పారేస్తాండారా మేడమ్? ఇత్తడి బాగుండాదే!" అని నన్ను రెండు చేతులతో పైకెత్తాడు. సరదా పుట్టినట్టుంది. గుండెలనిండా గాలి పీల్చి మండీలో పాడినట్టు ఎత్తుకున్నాడు. "పాట పాడుకోండప్పా! అంబాలా సరుకు! ఒకటో తూరీ... రెండో తూరీ..."

గొంతు ఖంగుమంది. వరండాలో మనుషులు తొంగిచూశారు. నా అద్దం గజగజా అదిరింది.

ప్రసూన పరుగెత్తుకొచ్చి అతని చేతుల్లోంచి నన్ను లాక్కుంది. "మూడోసారి అనకండి! అమ్మేది కాదిది." చీటీ పీకేసి, అద్దం కొంగుతో తుడిచింది. నన్ను గుడ్డపెట్టి తుడవడం అదే మొదలు. "మీ గొంతు నిలబెట్టింది ఇదేనండీ."

గంగులప్ప వంగి నా ముల్లును వేలితో చూపించాడు.

"ఈ గడియారమా!" అన్నాడు.

ఎంత గట్టిగా అన్నాడో! నాకు కోపం రాలేదు.