అస్కర్ దిక్కు గుంజే బండి

బహ్రెయిన్‌లో హిద్ అనే ఊళ్ళోని గ్యారేజీలో ముత్తన్న పొద్దున ఆరున్నరకు షట్టరు ఎత్తేవాడు. పాలు లేని సులైమానీ చాయ్ ఒక గ్లాసు తాగి, నిన్నటి గ్రీజు అంటిన నీలం చొక్కానే మళ్ళీ తొడుక్కుని, వచ్చిన మొదటి బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తర్వాత అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే.

"ఎటు గుంజుతాంది?"

కొన్ని బండ్లు ఎడమకు గుంజేవి, రబ్బరు బుష్షులు అరిగి. కొన్ని కుడికి గుంజేవి, ఒక టైరులో గాలి తగ్గి. బాగా పాతబడ్డ బండ్లు కొన్ని మాత్రం అవి పోవాలనుకున్న చోటికి గుంజేవి. ఒక గోవా వంటవాడి కారు ఎప్పుడు తీసినా ఎయిర్‌పోర్టు వైపే తిరిగేది. ఏడేళ్ళుగా ఇంటికి పోని ఆ మనిషి సెలవు పెట్టి వెళ్ళొచ్చాక మామూలుగా నడిచింది. బహ్రెయిన్‌లో దీన్ని ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. ఎండకు రబ్బరు పగలడం ఎంతో ఇదీ అంతే.

తొంభై ఐదు నవంబరులో ఒక ఆదివారం రామ్‌ప్రసాద్ తన కారు తీసుకొచ్చాడు. రామ్‌ప్రసాద్‌ది రాజోలు దగ్గర పల్లె. ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు. మనుషుల్ని పేరు పెట్టి పిలవడం తనకు తక్కువతనం అనుకునే రకం. కారు పదహారేళ్ళ కిందటి మోడలు, ఒకప్పుడు మీగడ రంగు. దేశం వదిలి పోతున్న ఒక ఈజిప్టు బడిపంతులు దగ్గర కొన్నాడు. కొని మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో దానికి ఆయన చేసిన సేవల్లా దసరాకు పూజ. కడిగి, పసుపు రాసి, స్టీరింగ్‌కు కుంకుమ బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించేవాడు. గ్రీజు మాత్రం ఒక్కసారీ పెట్టించలేదు. ముందు టైర్లు లోపలి అంచున తీగలు తేలేదాకా అరిగితే, ఎందుకు అరిగాయని అడక్కుండా కొత్త టైర్లు వేయించాడు. అవీ అరిగితే మళ్ళీ వేయించాడు. షాకబ్జార్బర్లు కారిపోయి నడుం విరుగుతుంటే సీటు మీద రెండు దిళ్ళు వేసుకున్నాడు. చివరికి స్టీరింగ్ చేతికి లొంగడం మానేస్తే దిష్టి తగిలిందని తేల్చి, ముందు బంపరుకు మిరపకాయలూ నిమ్మకాయా కట్టాడు. తెలివి తక్కువైనవాళ్ళను క్షమించవచ్చు. తెలివిని ఇంత శ్రద్ధగా దూరం పెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

"దిష్టేనయ్యా ముత్తన్నా. మనోళ్ళ కళ్ళు మంచివి కావు. నేను కారులో తిరుగుతుంటే ఒక్కొక్కడికీ కడుపుమంట," అన్నాడు రామ్‌ప్రసాద్.

ముత్తన్నది మెట్‌పల్లి. వంగి బండి కింద చూసి లేచాడు.

"దిష్టి తగలాల్నంటే ముందుగాల బండి ఉండాలె గద సారూ. కింద రబ్బర్లు లెవ్వు, గ్రీజు లేదు, సగం నట్లు లెవ్వు. ఇది బండి కాదు, బండి ఫోటో."

రామ్‌ప్రసాద్ మొహం గంటు పెట్టుకున్నాడు. ముత్తన్న పట్టించుకోకుండా కారు తీసి, రాజధాని మనామాకు పోయే వంతెన దాకా నడిపి తిరిగొచ్చాడు.

"ఖరాబైన బండి ఒక దిక్కే గుంజుతది. ఇది పోయేటప్పుడు ఎడమకు గుంజింది, వచ్చేటప్పుడు కుడికి గుంజింది. అంటే రెండుసార్లు దక్షిణానికే, అస్కర్ దిక్కు. అస్కర్‌ల మీకేమున్నది సారూ?"

"నాకేవుంటుంది? ఏవీ లేదు," అన్నాడు రామ్‌ప్రసాద్, గోడమీది క్యాలెండరు కేసి చూస్తూ.

అస్కర్‌లో ఉన్నది మల్లేష్. ధర్మపురి దగ్గరివాడు, ముప్పై ఏళ్ళు కూడా లేవు. పనివాళ్ళ క్యాంపులో ఇనుప మంచం మీద రెండు నెలలుగా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. సెప్టెంబరు దాకా రామ్‌ప్రసాద్ అక్కడే సూపర్‌వైజరు. తన కారు ఎండలో మాడిపోతోందని, పనివాళ్ళు నిలబడే పరంజా మీది చెక్కపలకలు రెండు ఊడదీయించి దానికి నీడ కట్టించుకున్నాడు. మర్నాడు మల్లేష్ ఆ ఖాళీలోంచి కింద పడ్డాడు. వెన్ను దెబ్బతింది. ఆపరేషన్ చేస్తే నడుస్తాడని డాక్టరు చెప్పాడు. డ్యూటీలో పడితే ఆపరేషన్ కంపెనీయే చేయించాలి. రామ్‌ప్రసాద్ మాత్రం, డ్యూటీ అయిపోయాక వాడు సరదాకు ఎక్కి పడ్డాడని కాగితం రాసిచ్చి, హిద్ సైటుకు బదిలీ చేయించుకున్నాడు. చూసినవాళ్ళు నలుగురున్నారు. వీసా పోతుందని నలుగురూ నోరు మూసుకున్నారు. వాళ్ళనూ పొగడక్కర్లేదు. బుధవారం పది గంటలకు ఇన్సూరెన్సు ఆఫీసరు క్యాంపుకు వచ్చి ఆఖరి మాట రాసుకుంటాడు. ఆ కాగితం మారకపోతే శుక్రవారం విమానంలో మల్లేష్‌ను ఇంటికి పంపేస్తారు. ఇక జన్మంతా మంచమే.

ఆ బుధవారమే రామ్‌ప్రసాద్‌కు వేరే పని ఉంది. పది గంటలకు ఎయిర్‌పోర్టులో కొత్త మేనేజరు దిగుతున్నాడు. కంపెనీ వ్యాను ఉండగా, "నా సొంత కారులో తీసుకొస్తానండీ" అని ఎగబడి ఒప్పుకున్నాడు. ఫోర్‌మన్ పోస్టు మీద కన్నుంది మరి.

"ఆ అస్కర్ జబ్బొక్కటీ తీసెయ్యవయ్యా. మిగతావి ఎలాగున్నా పర్లేదు," అన్నాడు.

"జబ్బులన్నీ తీస్త. అది జబ్బో కాదో బండికే ఎరుక," అన్నాడు ముత్తన్న.

కారు ముందుభాగం జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. ఊడబోయే పన్నులా కదిలింది. ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. వాటిని డీజిల్‌తో తడిపి వదిలేసి సోమవారం విప్పాడు. బుష్షుల రబ్బరు వేలితో గీకితే కాఫీపొడిలా రాలింది. స్టీరింగ్ కడ్డీల కొసలు విప్పుతూ చుట్లు లెక్కపెట్టాడు. ఎడమవైపు పదకొండున్నర, కుడివైపు పద్నాలుగు. ఎవడో కళ్ళు మూసుకుని బిగించాడు.

"నిన్ను కొన్నోనికి చేతులు బొట్లు పెట్టుటానికే ఉన్నయి," అన్నాడు కారుతో. ముత్తన్న తిట్టు మనుషులకు తప్ప బండ్లకు తగిలేది కాదు.

కొత్త బుష్షులు నొక్కి కూర్చోబెట్టాడు. బాల్ జాయింట్లు, స్ప్రింగులు, నాలుగు షాకబ్జార్బర్లు మార్చాడు. ప్రతి కీలులోనూ నల్లటి పాత గ్రీజు పూర్తిగా బయటికొచ్చి కొత్తది కనబడేదాకా పంపు కొట్టాడు. చివరికి కారుకు రెండు పక్కలా దారం కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, స్కేలు పెట్టి చక్రాలను దారానికి సరిచేశాడు. మనామాలో దీనికి మిషన్లు వచ్చాయి. ముత్తన్నకు దారం మీదే నమ్మకం.

మంగళవారం సాయంత్రం తాళాలిస్తూ చెప్పాడు.

"సారూ, ఒక్క మాట ఇనుండ్రి. ఇన్నొద్దులు స్టీరింగ్‌ల బెత్తెడు లూజుండె. బండి అస్కర్ దిక్కు తిరుగుదామంటే, ఆ లూజుల మీరు గుంజి మలుపుకున్నరు. ఇప్పుడు ఎంట్రుకంత లూజు లేదు. అది పోవాలనుకున్న దిక్కే సక్కగ పోతది."

రామ్‌ప్రసాద్‌కు చివరి మాటలు వినబడలేదు. లూజు లేదన్నది వినబడింది, అది చాలనుకున్నాడు.

బుధవారం తొమ్మిదింటికి తెల్లచొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని బయల్దేరాడు. గతుకు మీద నుంచి పోయినా కారు నీళ్ళ మీద పడవలా తేలిపోయింది. ముత్తన్నను తక్కువ అంచనా వేశానే అనుకున్నాడు. ఎయిర్‌పోర్టు మలుపు వచ్చింది. స్టీరింగ్ తిప్పాడు. తిరగలేదు. కారు చాలా మర్యాదగా మలుపు దాటి, వంతెనెక్కి, మనామా అంచునుంచి సిత్రా రోడ్డు పట్టింది. బ్రేకు నొక్కితే ఆగింది. వదిలితే మళ్ళీ అస్కర్‌కే. దిగి నడిచిపోవచ్చు. కానీ పక్కన కంపెనీ బస్సు పోతోంది, అందులో తెలిసినవాళ్ళున్నారు. సొంత కారు రోడ్డు మీద వదిలేసి నడిస్తే పరువేం కావాలి? అందుకని తానే అటు పోదలచుకున్నట్టు మొహం పెట్టి, మోచెయ్యి కిటికీ మీద ఆనించి కూర్చున్నాడు.

క్యాంపు ఆఫీసు ముందు కారు ఆగింది. మల్లేష్‌ను మంచంతో సహా వరండాలోకి తెచ్చి పెట్టారు. కుర్చీలో ఆఫీసరు, చుట్టూ ముప్పైమంది పనివాళ్ళు. తెల్లచొక్కాను చూడగానే అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. మల్లేష్ కళ్ళనిండా నీళ్ళు.

"వచ్చిండ్రా సారూ! నాకోసం వస్తరని ఈళ్ళు నమ్మలే. నేను చెప్తనే ఉన్న."

నిజంగానే అతనొక్కడే ఆ మాట చెప్తున్నాడు. రామ్‌ప్రసాద్‌ను అంత మంచివాడుగా ఈ భూమ్మీద ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు, కన్నవాళ్ళతో సహా. ముప్పైమంది అతని మొహంలోకి చూస్తున్నారు. ఒకడు కుర్చీ తెచ్చాడు. ఇంకొకడు చాయ్ తెచ్చాడు.

"ఆ రోజు సూపర్‌వైజరు ఎవరు?" అని ఆఫీసరు హిందీలో అడిగాడు.

"నేనే," అన్నాడు రామ్‌ప్రసాద్, ఛాతీ విరిచి. అన్నాక గాని ఏమన్నాడో అర్థం కాలేదు.

"పరంజా మీద పలకలు అన్నీ ఉన్నాయా?"

ఉన్నాయని చెప్పడానికి నోరు తెరిచాడు. మల్లేష్ ఇంకా అలాగే చూస్తున్నాడు. ఇక్కడ అబద్ధం చెప్తే ఈ కుర్చీ, ఈ చాయ్, ఈ చూపులు అన్నీ ఇప్పుడే పోతాయి. పాపభీతి వల్ల కాదు, న్యాయం మీద ప్రేమ వల్ల అసలే కాదు, ముప్పైమంది ముందు చిన్నబోవడం చేతగాక రామ్‌ప్రసాద్ జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు.

"రెండు లేవు. నేనే తీయించాను. డ్యూటీలోనే పడ్డాడు."

ఆఫీసరు రాసుకుని సంతకం చేయించుకున్నాడు. ఫోర్‌మన్ పోస్టు అక్కడికక్కడే ఖలాస్. సూపర్‌వైజరు ఉద్యోగం కూడా ఆ నెలతో సరి.

మల్లేష్‌ను ఇవాళే ఆసుపత్రిలో చేర్చమన్నారు. క్యాంపు వ్యానులో చెక్క బెంచీలు తప్ప ఏమీ లేవు, పైగా ప్రతి గతుకుకూ ఎగిరిపడుతుంది. కారుందిగా అన్నారెవరో. నలుగురు పట్టి, సీటు మీది దిళ్ళు నడుం కింద పెట్టి, మల్లేష్‌ను వెనక సీట్లో పడుకోబెట్టారు. పడిన నాడు చూసి నోరు మూసుకున్నవాళ్ళే ఆ నలుగురూ.

సిత్రా దాకా రోడ్డంతా గుంతలే. మల్లేష్ పళ్ళు బిగబట్టుకుని కుదుపు కోసం ఎదురుచూశాడు. మొదటి గుంత పోయింది. రెండోది పోయింది. చక్రాలు దిగి ఎక్కడం వినబడుతోంది గాని పైకి ఏమీ రావడం లేదు. మెల్లగా గుప్పిళ్ళు వదిలాడు.

"మంచిగ చేపిచ్చిండ్రు సారూ బండి," అన్నాడు.

"మరి? దగ్గరుండి చేయించాను," అన్నాడు రామ్‌ప్రసాద్. ఆ పరిస్థితిలోనూ అనకుండా ఉండలేకపోయాడు.

వెనక సీట్లో మల్లేష్, రెండు నెలలుగా నొప్పికి రెప్ప వాల్చని మనిషి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతున్నాడు.