హన్నమ్మగారి పచ్చగోడ

చిక్కమునియప్ప ఎడమ ముంజేతి మీద మూడో చార గీసుకుని, వరండాలోకి వచ్చి ఎండలో చెయ్యి చాపాడు. గోడలకి వేసే డిస్టెంపరు తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు. బకెట్టులో చూసి వేసేవాడు కూలివాడనీ, చేతిమీద ఆరబెట్టి చూసి వేసేవాడు పనివాడనీ అతని లెక్క. చార ఆరేదాకా బీడీ కూడా ముట్టించకుండా నిలబడ్డాడు. మొదటి చారలో నీలం ఎక్కువైంది. రెండోది ఎండుగడ్డి వైపు పోయింది. మూడోది ఆరి, కాస్త తేలి, నాలుగు రోజుల రాగి మొలక రంగుకు వచ్చి ఆగింది. కుడికన్ను మూసి చూశాడు. ఎడమకన్ను మూసి చూశాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని రూఢి చేసుకుని మళ్ళీ కుడికన్ను మూసి చూశాడు.

లోపల అతని భార్య చౌడమ్మ ఎదురుగోడని ఉప్పుకాగితంతో రుద్దుతోంది. ముప్పైనాలుగేళ్ళుగా వాళ్ళ పని అలాగే సాగింది. రుద్దడం, పగుళ్ళలో లప్పం పెట్టడం, డబ్బాలు అందివ్వడం ఆమె వంతు. రంగు కలపడం, కుంచె పట్టడం అతని వంతు. ఆమెకు నోరు ఊరుకోదు. డబ్బా అందించిన ప్రతిసారీ "ఇదో నీలి", "ఇదో కావి" అని ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. ఎదురుగా కనబడే దానికి పేరు చెప్పడమెందుకని అతను విసుక్కునేవాడు. ఈమధ్య విసుక్కోవడం కూడా మానేశాడు.

కాక్స్‌టౌనులో ఆ చిన్న ఇల్లు హన్నమ్మది. బాపట్ల పక్క పల్లె నుంచి నర్సు చదువుకని బెంగుళూరు వచ్చి, ఒక పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేసి, మేట్రనుగా రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోనందుకు బాధపడిన దాఖలాలూ లేవు. ఆస్పత్రి క్వార్టర్సులో గోడలకి ఏ రంగు వేస్తే ఆ రంగు మధ్య బతికింది కాబట్టి, డెబ్భై ఏడులో సొంతానికి ఇల్లు కొనుక్కున్నాక మొట్టమొదట ఆమెకు వచ్చిన ఆలోచన గోడల గురించే.

ఆ ఆలోచనకి ఒక బొమ్మ తోడైంది. ఆమె వెళ్ళే చర్చిలోనే ఇమ్మానుయేలు అనే కుర్రాడు బడిలో డ్రాయింగు మాస్టరు. పన్నెండేళ్ళప్పుడు టైఫాయిడ్ వస్తే హన్నమ్మ చేతి మీదే బతికి బట్టకట్టాడు. ఇప్పుడు కొత్త తరహా బొమ్మలు వేస్తాడు. ఆ బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, కొండ ఉండదు. వాటిలో ఒకటి హన్నమ్మ కొనేసింది. విప్పారిన చామంతి రంగులో పెద్ద పలక, దాని పక్కన ఇటుక రంగు ముక్క, అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి రెండు వేళ్ళ మందాన ఒక పట్టీ, అంతే. అందరూ ఇల్లు సర్దుకుని దానికి తగ్గ పటం వెతుక్కుంటారు. హన్నమ్మ పటం పెట్టుకుని దానికి తగ్గట్టు ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. కుర్చీ దిండ్లకి ఇటుక రంగు గలీబులు కుట్టించింది. హాలు గోడ మిగిలింది.

పనివాళ్ళతో ఆమె ఎప్పుడూ కన్నడంలోనే మాట్లాడుతుంది. కిందటి శనివారం మునియప్ప, చౌడమ్మ తమలో తాము తెలుగు మాట్లాడుకోవడం విని ప్రాణం లేచొచ్చినట్టై తనూ తెలుగులోకి దిగింది. బొమ్మని కుర్చీలో నిలబెట్టి, "ఇందులో పచ్చ ఉంది చూశావా, మునియప్పా? అచ్చం అదే గోడ మీదకి దిగాలి" అంది. మునియప్ప ఒక గ్లాసు కాఫీ తాగినంతసేపు బొమ్మని చూశాడు. తరువాత ఇమ్మానుయేలు దాన్ని వార్నిషు పూయడానికి తీసుకుపోయాడు. ఆ కాస్తసేపు చూసిన రంగే వారమంతా మునియప్ప తలలో ఉంది.

తల మీద అతనికి నమ్మకం ఉంది. కన్ను మీదే పోయింది. కిందటి దీపావళికి దీపాల చుట్టూ వలయాలు కనబడ్డాయి. సంక్రాంతి దాటాక ఎడమకంట్లో పొద్దుటిపూట మంచులాగా ఏదో దిగి, పొద్దెక్కినా వీడలేదు. ఎవరికీ చెప్పలేదు. సర్జాపుర పక్క పల్లె నుంచి పందొమ్మిదేళ్ళ వయసులో యుద్ధంనాటి పటాలం షెడ్లకి సున్నం కొట్టడానికి వచ్చినవాడు. అక్కడి నుంచి ఇళ్ళకి, ఇళ్ళలో మొదట వంటగదులకి, తరువాత ముందుగదులకి ఎదిగాడు. బసవనగుడి ఇళ్ళకి మీగడ రంగు, రిచర్డ్స్ టౌను ఇళ్ళకి లేతనీలం వేశాడు. చదువు లేదు, మేస్త్రీ అన్న పిలుపు లేదు, పేపరులో పేరు లేదు. ఉన్నదల్లా ఒక్కటే. అతను వేసిన గోడని ఇది కాదు, గోకి మళ్ళీ వెయ్యి అన్నవాళ్ళు ఈ ముప్పైనాలుగేళ్ళలో ఒక్కరూ లేరు. ఆ మాట పడకుండా పని ముగించాలని అతని కోరిక. ప్రతి కొత్త గోడ ముందూ ఇదే ఆ గోడేమోనని భయపడేవాడు.

మధ్యాహ్నానికి గోడ అయిపోయింది. కుంచె మచ్చ లేదు, జారిన చుక్క లేదు. మునియప్ప నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, బాగుందనే అనుకున్నాడు. అప్పుడే హన్నమ్మ కర్టెన్ల గుడ్డ కొనుక్కుని చిక్కపేట నుంచి వచ్చింది. పొట్లం చంకలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మునియప్పా, ఇదేంటయ్యా?"

"గోడమ్మా."

"గోడని నాకూ తెలుసు. నేను పచ్చ వేయమన్నాను గదా?"

"పచ్చే గదమ్మా వేసుండేది."

"ఇది పచ్చా? కళ్ళు పెట్టి చూడు. ఇది పచ్చ ఎట్టా అవుద్ది?"

మునియప్ప చూశాడు. అతనికి పచ్చగానే కనబడింది. ఇంకోసారి చూశాడు. ఎదురుగా ఉన్నామె నర్సమ్మ, ముప్పై ఏళ్ళు జనం కళ్ళు చూసిన మనిషి. ఆమె పచ్చ కాదంటే అది పచ్చ కాదు. తన కంటికి మాత్రం పచ్చగా ఉంది. కుంచెని బకెట్టు మీద అడ్డంగా పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"కన్ను పోయినట్టుండాదమ్మా" అన్నాడు. "ఏడాదిగా ఎడమకంట్లో మంచు కమ్మినట్ట ఉండాది. ఎవరికీ చెప్పలే. ఇంతకు వస్తాదనుకోలే. గోకి మల్లా వేస్తాను. నేను కాదు, ఇంగెవరినన్నా పిల్చకొచ్చి వేయిస్తాను."

హన్నమ్మ కోపం ఎటు పోయిందో పోయింది. పొట్లం బల్ల మీద పడేసి, బీరువాలోంచి టార్చిలైటు తెచ్చి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి రెప్పలు పైకెత్తింది. రిటైరైన ఎనిమిది నెలల తరువాత చేతికి పని దొరికినందుకు ఆమె వేళ్ళకి కాస్త సంతోషంగానే ఉంది.

"ఎడమదాంట్లో శుక్లం ఉంది. కుడిది బానే ఉంది. అంత మాత్రానికి రంగులు తారుమారు కావే" అంది. పొట్లం విప్పి కర్టెన్ల గుడ్డ చూపించింది. "ఇదే రంగు?"

"పసుపు."

"మరి గోడ?"

"పచ్చ."

హన్నమ్మ టార్చి దించేసింది. "ఆకుపచ్చా?"

"ఆకుపచ్చ అన్నా పచ్చ అన్నా ఒగటే గదమ్మా."

హన్నమ్మకి నవ్వాగలేదు. కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా వైపు పచ్చంటే ఈ గుడ్డ రంగయ్యా. చామంతి పచ్చ. పచ్చకామెర్లు వచ్చినోడు ఆకు రంగులోకి మారతాడా?"

"మేము కామాల అంటామమ్మా" అన్నాడు మునియప్ప నెమ్మదిగా.

ఆమె కన్నడంలోనే చెప్పి ఉంటే ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. తెలుగువాళ్ళు దొరికారన్న సంబరమే కొంప ముంచింది. మునియప్పకి మాత్రం కొంప మునిగినట్టు లేదు. తప్పు కన్నుది కాదు, మాటది. అంతకంటే చల్లని కబురు ఏడాదిగా అతను వినలేదు. స్టూలు మీద అలాగే కూర్చుని ఒకటికి రెండుసార్లు "పచ్చ" అని తనలో తాను అనుకున్నాడు. అప్పుడు చూశాడు, ఉప్పుకాగితం చేతిలో పట్టుకుని గోడ పక్కనే చౌడమ్మ నిలబడి ఉండడం. దాచిందంతా ఆమె ముందే కక్కేశాడు.

"నాకు తెల్దనుకొన్నావా?" అంది చౌడమ్మ. "ఏడాదిగా డబ్బా ఇచ్చినప్పుడంతా బన్నం పేరు చెప్పి ఇస్తా ఉండానే, ఎందుకనుకొన్నావు?"

"ఊరికే వాగుతా ఉండావనుకొంటి."

"ఊరికే ఎవరు వాగతారు?" అంటూ ఆమె వెనక్కి తిరిగి గోడ రుద్దసాగింది.

మునియప్పకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెంటే, పెళ్ళైన కొత్తలో కూడా వేయనంత సంతోషం వేసింది. ఏం చెయ్యాలో తెలియక బీడీ తీశాడు. హన్నమ్మ ఇంట్లో బీడీ కాల్చకూడదని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మూడు గంటలకి ఇమ్మానుయేలు బొమ్మని ఆటోలో తెచ్చాడు. హన్నమ్మ అతన్ని కూర్చోనివ్వకుండానే మొరపెట్టుకుంది. "ముప్పై ఏళ్ళు ఆకుపచ్చ గోడల మధ్యే డ్యూటీ చేశాను, బాబూ. రిటైరయ్యాక కూడా అదేనా?"

"ఆనించి చూద్దాం, ఆంటీ" అన్నాడతను. బొమ్మకి చట్రం లేదు. అంచుదాకా రంగే. రెండు చేతులా పట్టుకుని గోడకి ఆనించాడు.

బొమ్మ అడుగు అంచు కనబడకుండా పోయింది. కింది ఆకుపచ్చ పట్టీ ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు. చామంతి పలకా, ఇటుక ముక్కా గోడలోంచే మొలిచినట్టున్నాయి. ఇమ్మానుయేలు బొమ్మని మెల్లగా నేల మీద పెట్టి, మళ్ళీ ఎత్తి ఆనించి, ఈసారి చూపుడువేలితో అంచుని తడిమి చూసుకున్నాడు.

"అన్నా, ఇది నాలుగు ట్యూబుల రంగు. ఎంతెంత కలిపానో నాకే గుర్తులేదు. మళ్ళీ చేద్దామంటే రావట్లేదు. మీరెట్లా కలిపారు?"

"చూసి కలిపితిని, సామీ."

"బొమ్మ వారంగా నా దగ్గరే ఉంది కదా?"

"ఆ పొద్దు చూసింటిని గదా."

కుర్రాడి ముఖంలో కాస్త అసూయ కదిలింది. మంచివాడు కాబట్టి దాన్ని దాచుకోలేదు. "నేను నేర్పే పిల్లలకి మీరొచ్చి ఒక రోజు చెప్పాలి" అన్నాడు. చౌడమ్మ దగ్గరకొచ్చి బొమ్మని ఎగాదిగా చూసి, "ఇది మనం రేకు మీద బన్నాలు సరిచూసుకొనేటప్పుడు అయ్యే మరకల మాదిరే ఉండాదే" అంది. నిజమేనని ఇమ్మానుయేలు ఒప్పుకున్నాడు.

హన్నమ్మ గోడ ముందు కుర్చీ వేసుకుని, వార్డులో రోగి పక్కన కూర్చున్నట్టు చాలాసేపు కూర్చుంది. మునియప్ప ఆమె మెడ వెనకవైపే చూస్తున్నాడు. గోకమంటే గోకాలి. తప్పు ఎవరిదైనా గోకిన గోడ గోకిన గోడే.

"ఇది ఆస్పత్రి రంగు కాదులే" అంది చివరికి. "ఈ గోడ నీ పచ్చ. ఎదురుగోడ నా పచ్చ. సరేనా?"

"సరేనమ్మా" అన్నాడు మునియప్ప.

ఎదురుగోడకి మచ్చు కలపడానికి కూర్చున్నాడు. చౌడమ్మ డబ్బాలు ఒక్కొక్కటే అందించింది, పేరు చెప్పి మరీ. ఈసారి అతనూ ప్రతి పేరుకీ "ఊ" కొట్టాడు. ఒక పాలపొడి డబ్బాలో చామంతి రంగు తయారైంది. నాలుగు గంటల ఎండలో చేతిమీద ఆరబెట్టి చూస్తే మొదటి చారకే కుదిరింది. అది చూసుకుంటూనే హన్నమ్మని అడిగాడు.

"ఆపరేషన్ చేస్తే కన్ను ముందరి మాదిరే అవుతాదామ్మా?"

హన్నమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "చూపొస్తుంది. లావుపాటి అద్దాలు పెట్టుకోవాలి. కొంతమందికి కొన్నాళ్ళు లోకమంతా నీలం కలిసినట్టు కనబడుద్ది. చేయించుకోకపోతే మాత్రం ఆ కంటి చూపు పూర్తిగా పోతుంది. సోమవారం వెళ్ళి చూపించుకో, నేనే చీటీ రాసిస్తా, పెద్ద డాక్టరు నాకు తెలుసు."

మునియప్ప పచ్చగోడ వంక చూశాడు. ఎడమకన్ను మూయలేదు, కుడికన్ను మూయలేదు. రెండు కళ్ళతో, ఎంతసేపు చూడాలనిపిస్తే అంతసేపు చూశాడు. కుంచెలు కడిగి, నీళ్ళు విదిల్చి చౌడమ్మ సంచీలో పెట్టాడు. ఎప్పుడూ తన సంచీలోనే పెట్టుకునేవాడు.

"సోమవారం నువ్వొగదానివే రా" అన్నాడు. "ఈ మచ్చు చూసి బకెట్టుకు కలుపుకో. చేతిమీద ఆరబెట్టి చూడు. నీల్లు ఎక్కువ పోయొద్దు."

"నేను కలపాల్నా?"

"ఏడాదిగా కలిపించింది నువ్వే గదా."

చౌడమ్మ తువ్వాలు తడిపి డబ్బా మీద కప్పింది. ఇద్దరూ గేటు వేసి, లింగరాజపురం వైపు నడిచిపోయారు.

ఆ తరువాత మునియప్ప గోడకి కుంచె ఆనించలేదు. ఆపరేషన్ అయ్యింది. నీలం కలిసిన లోకాన్ని చూసి కొన్నాళ్ళు నవ్వుకున్నాడు. సాయంత్రం చౌడమ్మ పని నుంచి రాగానే ఆమె ముంజేతి చారలు చూసి, ఏది ఎక్కువైందో చెప్పడం అతని ఉద్యోగమైంది. అలా ఐదేళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం రాగిముద్ద తిని నడుము వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. గోకమన్న మాట పడకుండానే పోయాడు.

పచ్చగోడ వేసిన ఆ శనివారం సాయంత్రం, వాళ్ళిద్దరూ వెళ్ళాక హన్నమ్మ తలుపు గడియ పెట్టే వేళకి, కిటికీ గట్టు మీద పాలపొడి డబ్బా ఉంది, దానిమీద తడి తువ్వాలు, లోపల ఎదురుగోడకి సోమవారం చూసి కలపాల్సిన మచ్చు.