లోపలి గడియ

కిటికీ ఎందుకు, పారకీ రంగు డబ్బాలకీ వెలుతురెందుకు, అవేమైనా పేపరు చదువుతాయా అనుకుంటూ ఆమె ఆ రేకుల షెడ్డు చుట్టూ మరోసారి తిరిగింది, వేలితో కొట్టి చూస్తే ఖాళీ డబ్బాలా మోగింది, పల్చటి రేకు, నాలుగు వానలకు తుప్పు పడుతుంది, అయినా తమ చేతిలో ఉన్నదానికి ఇదే ఎక్కువ, నెల్లాళ్లుగా పెరడు కొలిచి, ధరలు కనుక్కుని, కాగితం మీద రాసి కొట్టేసి తేల్చింది ఆమే, కిటికీ లేనిది, చెక్క నేల లేనిది, నిచ్చెనా సైకిలూ కూతురి పాత ఉయ్యాల తొట్టీ పడితే చాలు, నిన్న మొగుడికి చెబితే సరేనన్నాడు, ఆయన దేనికైనా సరేనంటాడు, వాచీలు బాగుచేసే మనిషి, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుని కూర్చుని మాటలు కూడా పొదుపుగా ఆడడం అలవాటైంది, పదకొండేళ్ల కాపురంలో నాకిది కావాలని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు, అలాంటివాడు ఇవాళ బస్సు దిగుతూనే, కిటికీ ఉన్నదే తీసుకుందాం, పైన అయ్యేది నేను పెట్టుకుంటా అన్నాడు, పెట్టుకుంటాడట, తనకు తెలియకుండా ఆయన దగ్గర డబ్బెక్కడిది, ఎన్నాళ్లుగా దాస్తున్నాడు, దేనికోసం.

ఆ ప్రశ్న వీపు మీద చల్లగా పాకింది, మబ్బు పట్టి ఆవరణంతా బూడిద రంగుకు తిరిగింది, వరసగా నిలబెట్టిన షెడ్లు తలుపులు బార్లా తెరుచుకుని ఎవరినో లోపలికి రమ్మంటున్నట్టున్నాయి, మొగుడూ కూతురూ చివరి షెడ్డులో ఉన్నారు, కిటికీ ఉన్నదాంట్లో, అడుగుల చప్పుడు కాకుండా ఆమె దాని పక్కకు వెళ్లి నిలబడింది, ఎందుకలా వెళ్లిందో తనకే తెలియదు, లోపల కొలత టేపు గరగరలాడింది, చిన్నది అంటోంది, నాన్నా ఇటు నా పుస్తకాలు, అటు నీ పక్క, ష్ మెల్లిగా అన్నాడు ఆయన, పక్కేమిటి, ఇల్లుండగా పెరట్లో పక్కేమిటి, వదిలి వెళ్లిపోయేవాడైతే పెరటి దాకా వెళ్లి ఆగడు కదా, ఏదో నడుస్తోంది, తన వెనకాల వీళ్లిద్దరూ ఏదో నడుపుతున్నారు, తను అజమాయిషీ చేసే లాండ్రీలో ముప్పైమంది తన చెప్పుల చప్పుడు వినగానే నోళ్లు మూసుకుంటారు, అక్కడ నూలుపోగు పోయినా కనిపెడుతుంది, సొంత ఇంట్లో ఏం జరుగుతోందో తెలియకపోవడమా, ఒళ్లు మండుకొచ్చింది, అయినా తన కోపం ఎంతసేపు, పాలపొంగు, దింపగానే చల్లారిపోతుంది, ఆ మాట అందరికీ చెబుతూనే ఉంటుంది.

షెడ్లమ్మే పెద్దాయన పెన్ను చెవిలో దోపుకుంటూ వచ్చాడు, ఏం సార్, ఖాయమేనా, మొగుడు చిన్నదాన్ని వెంటబెట్టుకుని బయటికొచ్చి అటూ ఇటూ చూసి, గోడవారనున్న ఆమెను చూడక, గొంతు తగ్గించి, దీనికి లోపల గడియ పెట్టగలరా అన్నాడు, పెద్దాయన పకపకా నవ్వాడు, లోపలెందుకు సార్, సామాను తలుపేసుకుని పడుకుంటుందా, ఆమెకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే ముందుకొచ్చి, బాగా అడిగారండీ, ఈయన వాలకమే అంత అంటూ కంటికి అడ్డొచ్చిన సాలెగూడు తుడుచుకోవడానికి చెయ్యెత్తింది, అంతే, ఎత్తింది అంతే, మొగుడు చిన్నదాన్ని చటుక్కున వెనక్కి లాగి మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, చిన్నది అప్పటికే కళ్లు గట్టిగా మూసుకుని భుజాలు చెవుల దాకా లాక్కుంది, ఇద్దరూ ఒక్కసారే, ఒక్కలాగే, ఎన్నోసార్లు చేసి చేసి అలవాటైన పనిలా, పెద్దాయన నవ్వు ఆగిపోయింది, ఆమె చేతి వంక చూశాడు, సాలెగూడు వేళ్లకు చుట్టుకుని ఉంది.

చెయ్యి దించింది, దించడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది, కిందటి నెల స్నానాలగదిలో వీళ్లిద్దరూ తలుపేసుకుని గంటసేపు రాలేదు, మొండితనం అనుకుంది, తన్ని తన్ని గడియ ఊడగొట్టింది, లోపల చిన్నది బకెట్టు వెనక నక్కి ఉంది, ఆయన ముందు కూర్చుని ఉన్నాడు, గోడకు మేకు కొట్టినంత మామూలుగా మర్నాడు ఆయనే గడియ బాగుచేశాడు, ఆమె పనికెళ్లింది, సాయంత్రానికి పాలపొంగు చల్లారింది, చల్లారింది తనకు, వాళ్లకు కాదు, వాళ్లు ఆ మర్నాటి నుంచే దాచడం మొదలుపెట్టి ఉంటారు, ఊపిరాడ్డానికి కిటికీ, కాళ్లు చాపుకోవడానికి చెక్క నేల, దొంగల భయమా సార్ అని పెద్దాయన మెల్లిగా అడుగుతున్నాడు, మొగుడు నేల చూస్తున్నాడు, చిన్నది మాత్రం తనవైపే చూస్తోంది, ఇక్కడ, బయటిమనిషి ముందు, ఏం చేస్తుందోనని, ఆమె పెద్దాయన వైపు తిరిగి, పెట్టండి, మందంగా ఉన్నది పెట్టండి, బయట్నుంచి తన్నినా ఊడకూడదు అంది, ఎంత మందం కావాలమ్మా అంటే తన పాదం వంక చూసుకుంది, ఈ లోకంలో వాళ్లిద్దరూ తలుపేసుకోవలసిన మనిషి ఒక్కతే ఉంది, అది తను.