అల్బేనియా బాలకిష్టయ్య

మొదట్లో బాలకిష్టయ్య చేతిలో ఉన్నవి ఒక మగ్గం, పదో తరగతి చదువు, ఎదురు కూర్చుని నేసే బావమరిది పాండు. నా చేతిలో గద్వాలలో ఒక చీరల కొట్టు, నా నూలు తీసుకుని నేసే అరవై మగ్గాలు.

అయిదేళ్లలో ఆ అరవైలో నలభైని అతను నేతగాళ్ల సంఘంలోకి లాక్కుపోయాడు. కూలి పెంచేదాకా నా గుమ్మం తొక్కొద్దన్నాడు; ఎవరూ తొక్కలేదు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు దాకా సభలు పెట్టాడు. కల్తీలేని కమ్యూనిస్టు దేశం అల్బేనియా ఒక్కటేనని నమ్మే చిన్న పార్టీ అతనిది. ఆ దేశం ఎక్కడుందో మాకు తెలియదు గానీ దాని పేరు అతనికి ఇంటిపేరైంది. మనిషి నిజాయితీపరుడు. అలాంటివాణ్ణి కొనలేం, కాచుకుని కూర్చోవాలి.

1982 చివర్లో ఒకరోజు కొట్టు ముందు, రోడ్డు మీదే నిలబడి, హైదరాబాదు నుంచి వచ్చిన పుస్తకం చూపించాడు.

“ఇరవై ఏడేండ్లు ప్రధానమంత్రి చేసిండు సేటూ, అల్బేనియాల. చూస్తే శత్రువుల గూఢచారట!”

“ఎట్ల తెల్సింది?”

“చచ్చినంక తెల్సింది.”

“మీ దాంట్ల మంచోడో చెడ్డోడో తెల్వాలంటే పీనుగ లేవాల్నా ఏంది?”

అతను నవ్వలేదు. “పక్కల ఉన్నోడే పొడుస్తడు. గిదే పాఠం” అన్నాడు.

ఆ పాఠం పాండు మీద పడింది. పార్టీ జిల్లా కార్యదర్శి పదవికి బాలకిష్టయ్య పేరు వచ్చినప్పుడు, బావమరిది సేటు కొట్టులో చాయ్ తాగాడని కమిటీలో ఎవరో అన్నారు. తాగిన మాట నిజమే. భార్య జోగమ్మను దవాఖానకు తీసుకుపోతూ వానకు నా అరుగెక్కాడు. నేనే పోయించాను.

బాలకిష్టయ్య నన్నే అడిగాడు: “పాండు నీకు చాటుంగ నేస్తుండా? ఒక్క మాట చెప్పు సేటూ.”

లేదంటే సరిపోయేది. నేను చీర మడత పెడుతూ నవ్వి ఊరుకున్నాను.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. పోగు పోగుకూ రెంటినీ కలపాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. అందుకే చీర మగ్గం దిగేదాకా ఎదుటివాడి మీద పంచాయితీ పెట్టకూడదని మా నేతగాళ్ల కట్టుబాటు. బాలకిష్టయ్యకు అది మూఢనమ్మకం. నిండు సభలో పాండును సేటుకు గూఢచారి అన్నాడు.

పాండు లేచి, “చీర ఇంక మగ్గం మీదనే ఉన్నది బావా” అన్నాడు. వెళ్లిపోయాడు.

పదవి వచ్చింది. అతని ఎదురుగా కూర్చునేవాడు మాత్రం మళ్లీ దొరకలేదు. చివరికి పాండు ఇంటికే పోయి, “రా, చీర దించుదాం” అన్నాడట.

“నాతోని ఏంది కార్యదర్శీ? గూఢచారిని. పోగులు ఎత్కపోత” అని పాండు తలుపు వేసుకున్నాడు.

సంఘంలోకి పోయినవాళ్లలో మొదట హన్మమ్మ వచ్చింది నా దగ్గరికి, నూలు కోసం. “సొంత బావమరిదినే అన్నోడు మమ్ములను ఇడుస్తడా సేటూ?” అంది. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. 1985లో పార్టీ బాలకిష్టయ్యనే ద్రోహి అంది. రుజువు ఎవరూ అడగలేదు. అడక్కూడదని వాళ్లకు నేర్పింది అతనే. ఇంకో ఆరేళ్లకు అల్బేనియాలోనూ ఆ ప్రభుత్వం పోయింది. పేపరులో చదివి అతనికి నేనే చెప్పాను.

ఇక లెక్క. బాలకిష్టయ్యకు దక్కింది మూడేళ్ల కార్యదర్శి పదవి, సగం చీరతో ఆగిన మగ్గం. పాండుకు వనపర్తి మార్కెట్లో మూటలు మోసే పని. నాకు నలభై మగ్గాలూ తిరిగొచ్చాయి, పాత కూలికే. పెంచమని మళ్లీ ఎవరూ అడగలేదు.