ఏడో మడి

ఏడో మడిలో జొన్న నల్లగా ఏపుగా పెరిగి నా ఛాతీ దాటింది. అది అట్లా పెరగకూడదు.

మా వ్యవసాయ కాలేజీకి అప్పటికి మూడేళ్ళు. కరీంనగర్‌కు పద్నాలుగు మైళ్ళ దూరంలో రైతుల మెట్ట చెలకలు తీసుకుని సర్కారు దాన్ని కట్టడం మొదలుపెట్టింది. నేను వచ్చిన కొత్తలో రెండు రేకుల షెడ్లు, ఒకదాంట్లో క్లాసు, ఇంకోదాంట్లో పడక. లైబ్రరీ అంటే నాలుగు బీరువాలు. 1967 వానాకాలం నాటికి హాస్టలు గోడలు పైకప్పు దాకా లేచాయి. మెస్సులో అన్నం వండాలా, రొట్టె చేయాలా అని కోస్తా పిల్లలూ మా ఆదిలాబాద్ పిల్లలూ రోజూ పోట్లాడుకునేవారు. మాది ఖానాపూర్, మగ్గం మీద బతికే ఇల్లు. మా వంశంలో డిగ్రీ చేతికొచ్చింది నాకే. ఎమ్మెస్సీ పరిశోధన చేస్తూ అక్కడే అసిస్టెంటుగా పనిచేస్తున్నాను.

నా ప్రయోగం చిన్నది. పన్నెండు మడులు. నాలుగింటికి సంచుల్లో వచ్చే రసాయన ఎరువు, నాలుగింటికి పశువుల పెంట, నాలుగింటికి ఏమీ లేదు. అట్లా అయిదేళ్ళు నడపాలి. ఏమీ వేయని మడి ఏడాదికేడాది ఎంత తగ్గుతుందో తెలిస్తేనే, వేసిన మడికి ఎరువు ఎంత మేలు చేసిందో చెప్పగలం. ఏడోది ఏమీ వేయని మడి. రెండేళ్ళు మోకాలి ఎత్తు పైరుతో ఈసురోమంటూ ఉన్నది, మూడో ఏడు పెంట వేసిన మడులను మించిపోయింది.

ఆ మడులకు కాపలా, కలుపు, అన్నీ బాలమల్లు చూసుకునేవాడు. యాభై దాటినవాడు. ఆ చెలక ఒకప్పుడు అతనిదే. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామని సర్కారు మాట ఇచ్చింది. అంతదాకా రోజుకూలీ. పర్మినెంటు చేసేవాళ్ళ జాబితా ఆ నెలలోనే హైదరాబాద్ నుంచి రావాలి. బాలమల్లు, అతని భార్య లింగవ్వ, ఇద్దరూ ఆ కాగితం మీదే ఆశ పెట్టుకుని ఉన్నారు.

"బాలమల్లన్నా, దీంట్ల ఏమేసినవ్?" అని అడిగాను.

అతని మొహం వెలిగిపోయింది. "కనవడ్డదా సారూ? కొమురెల్లితోని మంద పెట్టించిన. మీరు ఎండాకాలం పరీచ్చలకు పట్నం వోయిన్రు సూడు, గప్పుడు."

మా దిక్కు ఇది పాత అలవాటు. ఎండాకాలంలో గొర్ల మందను రాత్రుళ్ళు చెలకలో పడుకోబెడితే ఆ పెంటతో, మూత్రంతో నేలకు బలం వస్తుంది. గొర్లకాపరికి గింజలిస్తారు. బాలమల్లు తన ఇంటి జొన్నలు కుంచెడు కొమురెల్లికి కొలిచి, నాలుగు రాత్రులు మందను ఏడో మడిలో నిలిపాడు.

"దానికి ఏం వెయ్యొద్దని చెప్పిన గదనే!"

"సంచి వద్దన్నరు, ఎయ్యలే. పెంట వద్దన్నరు, పొయ్యలే. గొర్లు వద్దని ఎవలన్నరు?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. "గట్ల సూడకు సారూ. గది బాయి పక్క తుకుడ, మా అయ్య రాళ్ళేరిన జాగ. అటు మడికి పెడ్తరు, ఇటు మడికి పెడ్తరు, దీన్ని రెండేండ్లసంది ఎండవెడ్తరు. ఒక్క పంక్తిల కూసుండవెట్టి ఒగలకే ఇస్తరాకు ఎయ్యకుంటె ఎట్లుంటది? నాతోని కాలే."

ఎందుకు ఎండబెడుతున్నామో నేను అతనికి ఏనాడూ చెప్పలేదు. వెయ్యొద్దు అని మాత్రమే చెప్పాను. చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఆ రోజు కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, "గట్లనా! ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గద" అన్నాడు.

గురువారం హైదరాబాద్ నుంచి ప్రొఫెసర్ గారు ప్రయోగాలు చూడటానికి వస్తున్నారు. జాబితా మీద సంతకం ఆయనదే. బుధవారం పొద్దున లింగవ్వ నా గది ముందు నిలబడింది.

"సారూ, మాయన పరేషాన్ల వడ్డడు. కూడు తింటలేడు. మీరు జర మంచిగ చెప్పుండ్రి."

"ఫికర్ చెయ్యకవ్వా" అన్నాను.

మడుల లెక్కలు రాసే పుస్తకంలో అబద్ధం రాయడానికి చేయి రాలేదు. నిజం మొత్తం రాయడానికీ రాలేదు. 'వేసవిలో ఏడో మడిలో గొర్ల మంద పడింది, ఈ మడి ఫలితం లెక్కలోకి రాదు' అని రాశాను. ఎవరి పేరూ లేదు. మూగజీవాలు వచ్చి పడితే ఎవరిని తప్పుపడతారు? బాలమల్లుతో, "రేపు సారు అడిగితే నువ్వేం మాట్లాడకు, నేను చెప్త" అన్నాను. తల ఊపాడు.

ప్రొఫెసర్ గారు వచ్చారు. వెనుక ఇరవై మంది విద్యార్థులు నోటుబుక్కులతో. ఏడో మడి దగ్గర ఆగారు. నేను పుస్తకం చూపించాను.

"గొర్రెలు పడ్డాయా? మూడేళ్ళ ప్రయోగమయ్యా ఇది! కాపలా ఎవరు?"

"బాలమల్లు సార్. ఎండాకాలం... కంచె అప్పటికి పూర్తి కాలేదు."

"కంచె లేకపోతే కాపలావాడు లేడా? నిద్రపోయాడా?"

విద్యార్థుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "గొర్లొస్తే గురక వెట్టిండేమొ" అన్నాడొకడు.

బాలమల్లు నా పక్కనే ఉన్నాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. నేను కళ్ళతో సైగ చేశాను. చూడలేదు. చూసీ చూడనట్టున్నాడో ఏమో.

"నేను నిద్రవోలే సారూ" అన్నాడు. "మా తాతకాడికెల్లి గీ చెలకల పరాయోల్ల గొర్రె ఒక్కటి పడలే. ఎవలనన్న అడుగుండ్రి. గవి పడలే. నేనే పెట్టించిన."

అతన్ని కాపాడాలని రాసిన ఆ ఒక్క మాట అతనికి ఎట్లా తగిలిందో నాకు అప్పుడు అర్థమైంది. చెలకలో గొర్లు పడనిచ్చిన కాపలాదారు అనిపించుకోవడం కంటే పెద్ద అవమానం అతనికి లేదు.

ప్రొఫెసర్ గారు చెడ్డవారు కారు. అరవలేదు. సాయంత్రం ఆఫీసులో నేను ప్రాధేయపడితే ఓపికగా విన్నారు. "తప్పు నాది సార్, నేను అతనికి చెప్పలేదు" అన్నాను.

"నిజమే. కానీ రేపు ఇంకో మడి మీద జాలిపడడని నువ్వు హామీ ఇస్తావా?"

ఇవ్వలేకపోయాను. బాలమల్లు సంగతి నాకు తెలుసు.

పది రోజులకు జాబితా వచ్చింది. పద్దెనిమిది పేర్లు. అతనిది లేదు. ప్రయోగాల పొలంలో అతన్ని కూలీకి కూడా పెట్టవద్దని వేరే కాగితం. బాలమల్లు నా దగ్గరికే వచ్చాడు. అతను ఎరిగినవాళ్ళలో ఇంగ్లీషు రాసేవాళ్ళు ఇంకెవరున్నారు? అర్జీ రాసిచ్చాను. భూమి ఇచ్చిన సంగతి, మూడేళ్ళ చాకిరీ, తెలియక చేసిన పని, అన్నీ నాకు వచ్చిన ఇంగ్లీషులో రెండు పుటలు. వేలిముద్ర వేశాడు.

నెల రోజులకు ఆ అర్జీ హైదరాబాద్ నుంచి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. పైన ఒక చీటీ గుచ్చారు. సదరు కూలీ ప్రయోగక్షేత్రంలో తానుగా మంద పెట్టించినది నిజమా, కాదా? సంబంధిత అసిస్టెంటు ఒక్క మాటలో తెలుపవలెను. వివరణ అక్కరలేదు.

వివరణే రాశాను. పావు పుట రాశాక ప్రిన్సిపాల్ గారు చూసి, "ఇట్లా పంపితే మళ్ళీ తిప్పి పంపుతారు హనుమండ్లూ, అడిగింది రాయి" అని కొట్టేశారు. అడిగింది రాశాను. 'నిజం' అని.

బయట బాలమల్లు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాగితం వచ్చిందని ఎవరో చెప్పారట. నన్ను చూసి లేచాడు.

"మంచిగ రాసిన్రా సారూ?"

"రాసిన."

నా కన్నతండ్రి వయసువాడు, రెండు చేతులెత్తి దండం పెట్టాడు.