మిల్లుకు జ్ఞానతండ్రి

మెక్సికోలో పుయెబ్లా రోడ్డు మీది ఆ చిన్న ఊళ్లో క్రెసెన్సియో పిండిమిల్లుకు మున్సిపాలిటీ సీలు పడి పదకొండు రోజులైంది. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను బకెట్లలో తెచ్చే ఆడవాళ్లు ఆ సీలు చూసి, నాలుగు తిట్టి, ఎగువ వీధి మిల్లుకు పోతున్నారు. ఇంకో వారమైతే కాళ్లకు ఆ దారే అలవాటైపోతుంది. కాళ్ల అలవాటు ముందు పాతికేళ్ల స్నేహం ఏపాటిది!

సీలు వేసినవాడు ఇన్‌స్పెక్టర్ బర్రగాన్. మంటలార్పే సిలిండర్ లేదన్నాడు, క్రెసెన్సియో కొన్నాడు. తర్వాత బయటికి దారి చూపే బాణం గుర్తు లేదన్నాడు. మిల్లంతా ఒకటే గది, దానికి ఒకటే తలుపు.

"బాణం లేకపోతే జనం గోడలోంచి పోతారా సార్?" అన్నాడు క్రెసెన్సియో. ఆ మాటకే సీలు పడింది.

"చదువుకోలేదు కదా, నీకర్థం కాదులే. ఇవన్నీ కూర్చుని మాట్లాడుకుంటే తీరేవి," అన్నాడు బర్రగాన్ చొక్కా జేబు సవరించుకుంటూ.

క్రెసెన్సియో మూడో తరగతితో బడి మానేశాడు. ఆ జేబు చదవడానికి మూడో తరగతి చాలు. ఇవ్వనని భీష్మించుకున్నాడు. నీతి కోసమేం కాదు, ఒళ్లుమంట.

"నీ మొండితనం రుబ్బి రొట్టెలు కాల్చమంటావా?" అంది భార్య ఎవులాలియా. "డబ్బివ్వకపోతే పోనీ, చుట్టరికం అంటగట్టు. కొంపాద్రె ముందు ఎవడూ చెయ్యి చాపడు."

ఆ ఊళ్లో బిడ్డకే కాదు, కొత్త లారీకీ పెళ్లి కేకుకూ కూడా దీవెన వేళ పక్కన నిలబడి బాధ్యత తీసుకునే జ్ఞానతండ్రి ఉంటాడు. పదిమందిలో అడిగితే కాదనడానికి లేదు. ఆనాటి నుంచి అడిగినవాడూ నిలబడినవాడూ ఒకరికొకరు కొంపాద్రెలు, అన్నదమ్ముల కంటే ఒక మెట్టు పైన.

ఆదివారం పూజ అయ్యాక బర్రగాన్ భార్యతో చర్చి మెట్లు దిగుతుంటే, క్రెసెన్సియో టోపీ తీసి ఊరంతా వినేలా అడిగాడు. "నా మిల్లుకు దీవెన పెట్టుకున్నాం సార్. జ్ఞానతండ్రిగా మీరే నిలబడాలి. దాని మంచిచెడ్డలు మీకంటే తెలిసినవాళ్లెవరు?"

బర్రగాన్ బయటికి దారి కోసం చుట్టూ చూశాడు. బాణం గుర్తు ఎక్కడా లేదు.

"ఎంత గౌరవం!" అని ఆయన భార్య ఒప్పేసుకుంది.

బుధవారం పాద్రిగారు పవిత్ర జలంతో వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయారు. "సీలున్న తలుపుకు నేను దీవెన ఇవ్వను నాయనా." అందరి చూపూ బర్రగాన్ మీద పడింది. ఆయన గోళ్లతో సీలు గీకి తీశాడు. గోనెసంచి మీద కాగితం పెట్టి లైసెన్సు మీద సంతకం చేశాడు.

"మరి బాణం?" అని గొణిగాడు.

"జ్ఞానతండ్రి తేవలసిన కానుక అదేగా కొంపాద్రె."

నీళ్లు చల్లడం అయిందో లేదో, పిల్లలు చుట్టుముట్టారు. "చల్లు, జ్ఞానతండ్రీ, చల్లు!" జ్ఞానస్నానం తర్వాత జ్ఞానతండ్రి చిల్లర వెదజల్లడం ఆచారం. బర్రగాన్ జేబులో చెయ్యి పెట్టి చల్లక తప్పలేదు. ఆ జేబులోకి పోవడమే తప్ప అందులోంచి డబ్బు బయటికి రావడం ఊరు ఏనాడూ చూడలేదు. ఎనభై ఏళ్ల చోనమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఏరుకుంటోంది.

"నీకెందుకే ముసలీ?" అన్నారెవరో.

"నా మిరపకాయల కొట్టు దగ్గర ఈయన పట్టుకెళ్లిన బిళ్ల ఇందులో ఎక్కడో ఉంటుంది. వెతుక్కోనీండి."

మర్నాడు పొద్దున్నే మిల్లు ముందు పాత వరస మళ్లీ కట్టింది. బర్రగాన్ బకెట్ పట్టుకుని తిన్నగా ముందుకొచ్చాడు.

"మనలో మనకి వరసేమిటి కొంపాద్రె? రోజూ కాస్త రుబ్బి పెట్టు. డబ్బు మాట ఎత్తకు."

 ఇప్పుడు ఊఁ అంటే జీవితాంతం ఊఁ అనాలని క్రెసెన్సియోకు అర్థమైంది. కాదంటే మళ్లీ సీలు పడొచ్చు.

"జ్ఞానతండ్రంటే పెట్టేవాడు కొంపాద్రె, పట్టుకెళ్లేవాడు కాదు," అన్నాడు మిల్లు ఆపకుండానే. "మీ బిడ్డ, ఈ మిల్లు, ఇంకా పసిది. వరస చివర అక్కడ."

బర్రగాన్ వెనక్కి తిరిగాడు. ఇరవై మంది ఆడవాళ్లు ఆయన్నే చూస్తున్నారు. మెల్లగా వెళ్లి చోనమ్మ వెనక నిలబడ్డాడు. ఆవిడ తన బకెట్ కూడా ఆయన చేతిలో పెట్టింది.