ఇల్లెరిగిన నెత్తురు

దంతాలపల్లిలో మార్తమ్మ పొద్దున్నే లేచి పెద్ద కూతురు షారోన్‌కు జడవేసి, చిన్నది జ్యోత్స్నను దవాఖానకు తయారుచేసేది. జ్యోత్స్నకు తలసీమియా. నెల తిరక్కముందే ఒంట్లో నెత్తురు తగ్గి పెదవులు తెల్లబడేవి. మహబూబాబాద్ తీసుకుపోయి నెత్తురెక్కించుకొచ్చేవాళ్లు.

షారోన్ నెత్తురు తీరు వేరు. ఎక్కడ కారినా తిరిగి ఆమె దగ్గరికే వచ్చేది. మిరపతోటలో కాలు గీరుకుంటే, కింద పడ్డ చుక్కలు వరసగా పాక్కుంటూ వచ్చి గాయంలోకి దూరేవి.

"ఆగు బిడ్డా, అన్నీ లోపలికి పోనీ. అప్పుడు కట్టు కడ్త" అనేది మార్తమ్మ. ఊళ్లో ఎవరికీ అదొక వింత కాదు.

చెల్లెకు అక్క ఎముకల్లోని మూలుగ సరిపోతుందని, అదెక్కిస్తే జబ్బు పోతుందని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. "సూది పెద్దగుంటదా?" అని అడిగి, షారోన్ బల్ల మీద పడుకుంది.

మూలుగ మార్పిడి అయ్యాక డాక్టరమ్మ పిల్లల నాయిన బిక్షాన్ని పిలిచింది. "అక్క మూలుగలో పుట్టిన కణాలు చెల్లెలి ఒంటిని పరాయిదనుకుని దాడి చేయొచ్చు. అది జరక్కుండానే ఈ మందులు. ఒక్క పూట కూడా తప్పించొద్దు. కాచిన నీళ్లే తాగించాలి. చుట్టాలను రానివ్వొద్దు."

మార్తమ్మ ఒక్క పూటా తప్పించలేదు. అయినా ఇంటికొచ్చాక జ్యోత్స్న అరచేతులు ఎర్రబడి తోలు ఊడింది. విరేచనాలు ఆగలేదు. దద్దు ఒక పక్కే లేచేది, షారోన్ కూర్చున్న పక్క. షారోన్ లేచి ఇటు వస్తే ఎరుపూ ఇటే మళ్లేది.

డాక్టరమ్మ మందు పెంచింది. "ఆ నెత్తురు వాళ్లక్క దగ్గరికి పోవాలని చూస్తోంది. పెద్దపాప దగ్గరుంటే మందులు పనిచేయవు" అంది.

"ఎన్ని దినాలమ్మా?" అన్నాడు బిక్షం.

"దినాల లెక్క కాదు. ఇద్దరూ ఎప్పటికీ ఒక్క చోట ఉండకూడదు" అందామె.

మొగుళ్లపల్లిలో ఉన్న మేనత్త వనజ ఇంటికి షారోన్‌ను పంపేశారు. జ్యోత్స్న తేరుకుంది. బుగ్గలు నిండాయి. ఇక నెత్తురు ఎక్కించే పనిలేకపోయింది. మందులు ఒక్కొక్కటే తగ్గించారు.

క్రిస్మస్‌కు షారోన్ ఆగలేకపోయింది. అత్తకు చెప్పకుండా బస్సెక్కింది. ఆమె ఊరి మొగదల దిగగానే ఇంట్లో జ్యోత్స్న "అక్కొచ్చింది!" అని గంతేసింది. గంతేసిన పిల్ల ముక్కులోంచి నెత్తురు ధారగా కారి, గడప దాటి, బస్టాండు తొవ్వ పట్టింది.

మార్తమ్మ దాని వెంటే ఉరికింది. చేతులు చాచి ఎదురొచ్చిన షారోన్‌ను చెంప మీద కొట్టింది. "ఎందుకొచ్చినవే? చెల్లెను సంపుతవా?" అంటూ తిరుగు బస్సులోకి నెట్టింది.

జ్యోత్స్న చావు తప్పించుకుని దవాఖాన నుంచి వచ్చింది. కానీ షారోన్ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "అక్కా, నువ్వు రాకుంటే నేనే వస్త. బస్ ఎక్కుడు నాకొస్తది."

ఒకరోజు షారోన్ ఆ మాట పూర్తికానివ్వలేదు.

"రాకు" అంది. "నీ మొఖం సూడబుద్ధయితలేదు. నీ కోసం నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన్రు. అప్పుడే సచ్చిపోతే పీడ పోతుండె."

జ్యోత్స్న ఏడుస్తూ ఫోన్ కింద పడేసింది. ఆ మాట విన్నదేమో, ఆమె ఒంట్లోని నెత్తురు కూడా ఆ రోజు నుంచి మళ్లీ అక్క వైపు తిరగలేదు.

జ్యోత్స్న పక్కనే కూర్చుని అంతా విన్న మార్తమ్మ ఫోన్ అందుకుంది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది. "ఇగ ఫోన్ గూడ చెయ్యకు."